పాదానికి సరైన డాక్టరు ఎవరు?

కన్ను మసకబారితే కంటి డాక్టరు దగ్గరకు వెళ్తాం. పన్ను సలిపితే పళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్తాం. మరి మడమ నొప్పి పుడితే, చీలమండ వాస్తే, అరికాలిలో పుండు పడితే ఎవరి దగ్గరకు వెళ్ళాలి? మా ఓ.పి.కి వచ్చేవారిని ఈ ప్రశ్న అడిగితే ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు. కొందరు ముందు మందుల షాపులో అడిగి మాత్రలు తెచ్చుకుని ఉంటారు. కొందరు ఊళ్ళోని ఆర్.ఎం.పి. గారి చేత కట్టు కట్టించుకుని ఉంటారు. మరికొందరు ఆకు పసరు పోయించుకుని, అది తగ్గక, ఎవరో చెప్పగా పట్నంలోని ఎముకల డాక్టరు దగ్గరకు వెళ్ళి, అక్కడినుండి ఇక్కడకు వచ్చి ఉంటారు. ఈ తిరుగుళ్ళలో వారాలు, ఒక్కోసారి నెలలు గడిచిపోతాయి.

మడమ నొప్పి విషయంలో నెల ఆలస్యమైతే నెలపాటు బాధ తప్ప పెద్ద నష్టం ఉండకపోవచ్చు. కాని షుగరు ఉన్న మనిషి అరికాలి పుండు విషయంలో నెల ఆలస్యమైతే వేలు, పాదం, ఒక్కోసారి మోకాలి కింది వరకు కాలు పోవచ్చు. అందుకే పాదానికి తగిన వైద్యుణ్ణి ఎలా ఎన్నుకోవాలి అనే విషయాన్ని ఈ సంచికలో వివరంగా తెలియజేస్తున్నాం. ఇంట్లో పెద్దవారు ఉన్నవారు, షుగరు ఉన్నవారు తప్పక చదవండి. చదువురాని వారికి చదివి వినిపించండి.

పోడియాట్రిస్టు అంటే ఎవరు?

అమెరికాలోనో, ఇంగ్లండులోనో ఉన్న పిల్లలు ఫోనులో "నాన్నా, ఒకసారి పోడియాట్రిస్టుకు చూపించుకోండి" అంటారు. ఆ మాట పట్టుకుని "ఆ డాక్టరు ఇక్కడ ఉన్నారా అండీ?" అని మమ్మల్ని అడిగేవారు ఈమధ్య ఎక్కువయ్యారు. పోడియాట్రిస్టు అంటే పాదం, చీలమండల సమస్యలకు ప్రత్యేకంగా శిక్షణ పొందిన వ్యక్తి. అమెరికాలో దీనికి వేరే చదువు ఉంది. డిగ్రీ తరువాత 4 సంవత్సరాలు పోడియాట్రీ కళాశాలలో చదివి, ఆపైన 3 సంవత్సరాలు ఆసుపత్రిలో శిక్షణ పొందుతారు. ఆపరేషన్లు కూడా చేస్తారు. బ్రిటన్‌లో చట్టప్రకారం నమోదు కానివారు ఆ పేరు పెట్టుకోకూడదు.

అక్కడిలా ప్రతి పట్టణంలోనూ పోడియాట్రీ చదివినవారు దొరికే పరిస్థితి మన రెండు రాష్ట్రాల్లో లేదు. అయితే పాదానికి వైద్యమే లేదని అనుకోకూడదు. ఆ పనిని ఇక్కడ నలుగురైదుగురు పంచుకుని చేస్తున్నారు. షుగరు డాక్టరు, జనరల్ సర్జన్, ఎముకల డాక్టరు, రక్తనాళాలకు చికిత్స చేసే వాస్కులర్ సర్జన్, ఫిజియోథెరపిస్టు, కట్టు కట్టే నర్సు, ప్రత్యేకమైన చెప్పులు తయారుచేసేవారు – అందరూ కలిస్తేనే ఒక పాదం నిలుస్తుంది. పెద్ద నగరాల్లో కొందరు సర్జన్లు షుగరు రోగుల పాదాలకు చికిత్స చేయడంలో అదనపు శిక్షణ పొంది, అదే పనిగా చేస్తున్నారు. కాబట్టి పలక మీద ఏ పేరు ఉంది అన్నది మన దగ్గర మొదటి ప్రశ్న కాదు. ఆ వైద్యుడు మీ పాదాన్ని ఎలా చూస్తున్నాడు అన్నదే మొదటి ప్రశ్న.

ఏ బాధకు ఎవరి దగ్గరకు?

మడమ నొప్పి: ఉదయం మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో పోటు పొడిచినట్లుండి, కొంచెం నడిస్తే తగ్గుతుంటే, అది చాలావరకు అరికాలి కింది పట్టీలాంటి కండరపొర లాగడం వలన వచ్చే నొప్పి. దీనికి మొదటే ఆపరేషను అక్కరలేదు. ఎముకల డాక్టరు ఒకసారి చూసి, ఫిజియోథెరపిస్టు పిక్కను, అరికాలిని సాగదీసే వ్యాయామాలు నేర్పితే, మెత్తని మడమ ఉన్న చెప్పులు వాడితే, ఎక్కువమందికి ఏడాదిలోపు తగ్గిపోతుంది. ఎక్స్‌రేలో మడమ ఎముక మొన తేలినట్లు కనబడినంత మాత్రాన భయపడనవసరం లేదు. నొప్పి లేనివారిలో కూడా అది కనబడుతుంది.

చీలమండ బెణుకు: కాలు మడతపడి వాచినప్పుడు ఎముక విరిగిందా లేదా అని తేల్చుకోవడానికి కెనడాలోని ఒట్టావా వైద్యులు 1992లో కొన్ని సులభమైన గుర్తులు చెప్పారు. దెబ్బ తగిలిన వెంటనేగాని, ఆసుపత్రిలోగాని నాలుగు అడుగులు వేయలేకపోతే, చీలమండకు ఇరుప్రక్కల ఉన్న గుబ్బ ఎముకల వెనుక అంచునగాని, కొననగాని నొక్కితే నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించాలి. పాదం మధ్యభాగంలో లోపలి ప్రక్క ఎముక మీద, లేదా చిటికెన వేలి ప్రక్కన పాదం అంచున ఉబికి ఉండే ఎముక మీద నొక్కితే నొప్పి ఉన్నా అంతే. ఇవేవీ లేకపోతే ఎక్స్‌రే లేకుండానే విశ్రాంతి, ఐసు, క్రేపు బ్యాండేజి చాలు. అయితే ఈ గుర్తులన్నీ నొప్పి తెలిసేవారికే. పాదాలు మొద్దుబారిన షుగరు రోగి "నొప్పి లేదు, నడుస్తున్నాను" అన్నా ఎక్స్‌రే తీయించవలసిందే.

బొటనవేలి మొదట ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేని నొప్పి: రాత్రికి రాత్రి ఇలా వస్తే గౌటు కావచ్చు. ముందు జనరల్ ఫిజీషియన్‌కు చూపించండి. ఇది కత్తి పెట్టే జబ్బు కాదు, మందులతో లొంగే జబ్బు.

పసిబిడ్డల వంకర పాదాలు: దాదాపు వెయ్యిమందిలో ఒక బిడ్డ పాదాలు లోపలికి తిరిగి పుడతాయి. ఇది తల్లి గ్రహణం చూసినందువలన వచ్చేది కాదు. అమెరికాలోని అయోవాలో డాక్టర్ పొన్సెటి నెలకొల్పిన పద్ధతి ప్రకారం వారం వారం పిండికట్లు మారుస్తూ పాదాన్ని మెల్లగా తిప్పుతారు. సాధారణంగా 5 నుండి 7 కట్లు అవసరమవుతాయి. తరువాత చాలామంది పిల్లలకు మడమ వెనుక నరంలా కనబడే స్నాయువు మీద చిన్న కోత పెడతారు. ఆపైన ప్రత్యేకమైన బూట్లు మూడు నెలలు దాదాపు రోజంతా, తరువాత సుమారు నాలుగేళ్ళ వయసు వరకు రాత్రిళ్ళు వేయాలి. ఈ పద్ధతి తెలిసిన పిల్లల ఎముకల డాక్టరు దగ్గరకు పుట్టిన మొదటి వారాల్లోనే తీసుకెళ్ళాలి. "నడక వస్తే అదే సరిపోతుంది" అనే మాట నమ్మవద్దు. బూట్లు మధ్యలో మానేస్తే పాదం మళ్ళీ తిరిగిపోతుంది.

నడుస్తుంటే పిక్క పట్టేయడం: కొంతదూరం నడవగానే పిక్క పట్టేసి, నిలబడితే తగ్గి, మళ్ళీ నడిస్తే మళ్ళీ పట్టేస్తుంటే, కాలికి రక్తం సరిగా అందడం లేదేమోనని అనుమానించాలి. బీడీ, చుట్ట, సిగరెట్టు త్రాగేవారిలో ఇది ఎక్కువ. వీరు వాస్కులర్ సర్జన్‌ను కలవాలి. పొగ మానకుండా చేసే ఏ చికిత్సా ఎక్కువకాలం నిలవదు.

షుగరు లేకపోయినా నొప్పి లేని పుండు: అరికాలిలో నొప్పి లేని పుండు, ఒంటిమీద స్పర్శ లేని మచ్చ ఉంటే కుష్ఠు పరీక్ష చేయించాలి. దీనికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం. సిగ్గుపడి దాచుకుంటే నరాలు పాడై కాలిగండం తెచ్చుకున్నట్లే.

షుగరు ఉన్నవారి పాదం ఎందుకు వేరు?

భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగిన పెద్ద సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దాని ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి షుగరు ఉంది. షుగరు ఉన్నవారిలో 19 నుండి 34 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు పాదానికి పుండు పడే ప్రమాదం ఉందని వైద్య పరిశోధకులు 2017లో లెక్కగట్టారు. అంటే షుగరు ఉన్న ప్రతి ఐదుగురిలో కనీసం ఒకరికి ఈ ప్రమాదం పొంచి ఉందన్నమాట.

"నొప్పి లేదు కదండీ, అందుకే రాలేదు." పుండు ముదిరాక వచ్చినవారి నుండి మేము ఎక్కువగా వినే మాట ఇదే. నొప్పి లేకపోవడమే అక్కడి జబ్బు. షుగరు చాలాకాలం అదుపు తప్పి ఉంటే పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ పోతుంది. మొదట తిమ్మిర్లు, మంటలు, దూది మీద నడుస్తున్నట్లు ఉండడం, తరువాత చెప్పు కాలినుండి జారిపోయినా తెలియకపోవడం. అటువంటి పాదంలో మేకు దిగినా తెలియదు. మోటారు సైకిలు సైలెన్సరు అంటుకున్నా, ఎండలో కాలిన బండల మీద నడిచినా తెలియదు. మెట్టె బిగుసుకుని వేలు కోసుకుపోతున్నా తెలియదు. నిద్రలో ఎలుక కొరికినా తెల్లవారి రక్తం చూస్తేగాని తెలియదు.

ఈ సంగతిని లోకానికి బాగా అర్థమయ్యేలా చెప్పిన వైద్యులలో డాక్టర్ పాల్ బ్రాండ్ ఒకరు. ఆయన 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు జన్మించారు. 1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కళాశాలకు వచ్చి కుష్ఠు రోగుల చేతులకు, పాదాలకు చికిత్స చేశారు. కుష్ఠు వేళ్ళను తినేస్తుందని ఆ రోజుల్లో అనుకునేవారు. అది నిజం కాదని, స్పర్శ పోయినందువలన రోజూ తగిలే చిన్న చిన్న గాయాలను, ఒత్తిడిని రోగి పట్టించుకోకపోవడమే అసలు కారణమని ఆయన చూపించారు. మొద్దుబారిన పాదంలో పుండు మానాలంటే మందుకన్నా ముందు దానిమీద పడే బరువు తీసేయాలని చెప్పారు. 1966లో అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్ళిన తరువాత ఇదే పాఠాన్ని షుగరు రోగుల పాదాలకూ వర్తింపజేశారు. ఆయన 2003లో మరణించారు. నేడు షుగరు రోగులు వాడే ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులు కూడా కుష్ఠు రోగుల పాదాల సేవలోనుండే వ్యాప్తిలోకి వచ్చాయి. డిచ్‌పల్లి, సాలూరు కుష్ఠు ఆసుపత్రుల పేర్లు విన్న పెద్దవారికి ఈ చెప్పులు కొత్త కాదు.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన సూత్రం ఒకటే. పుండు మీద ఏ మందు వేశారు అన్నదానికంటే, పుండు మీద బరువు పడకుండా ఏమి చేశారు అన్నది ముఖ్యం.

మంచి వైద్యుణ్ణి గుర్తుపట్టడం ఎలా?

మీరు పెద్ద చదువులు చదవనవసరం లేదు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఈ క్రింది విషయాలు గమనిస్తే చాలు.

1. రెండు పాదాలూ చూస్తారు. చెప్పులు, మేజోళ్ళు విప్పించి, బాధ ఉన్న పాదాన్నే కాక రెండవ పాదాన్ని కూడా చూస్తారు. అరికాలు, మడమ, వేళ్ళ సందులు పరిశీలిస్తారు. బల్లకు అవతల కూర్చుని, కట్టు విప్పకుండానే చీటీ వ్రాసేవారు మీ పాదానికి తగినవారు కారు.

2. స్పర్శ పరీక్షిస్తారు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే సన్నని నైలాన్ పోగును అరికాలిలో అక్కడక్కడ తాకించి, కళ్ళు మూసుకుని తెలుస్తుందో లేదో చెప్పమంటారు. ట్యూనింగ్ ఫోర్కును బొటనవేలి ఎముక మీద ఆనించి అదురు తెలుస్తుందా అని అడుగుతారు. దీనికి ఐదు నిమిషాలు కూడా పట్టదు. పెద్ద యంత్రం అక్కరలేదు.

3. పాదంలో నాడి చూస్తారు. పాదం పైభాగాన, చీలమండ లోపలి ప్రక్కన వేళ్ళు పెట్టి రక్తప్రసరణ చూస్తారు. అనుమానం ఉంటే చేతి బి.పి.ని, చీలమండ దగ్గర బి.పి.ని పోల్చి చూసే పరీక్ష చేయిస్తారు. ఆ నిష్పత్తి 0.9 కంటే తక్కువ ఉంటే రక్తనాళం పూడుకున్నట్లు అనుమానించాలి. షుగరు రోగులలో రక్తనాళాలు గట్టిపడి ఈ లెక్క తప్పుగా ఎక్కువ చూపించవచ్చు. అందువలన అవసరమైతే బొటనవేలి దగ్గర పరీక్షగాని, డోప్లర్ స్కాన్‌గాని చేయిస్తారు.

4. మీ చెప్పులు చూస్తారు. లోపల చేయిపెట్టి మేకులు, అరిగిన చోట్లు వెతుకుతారు. చెప్పు అరిగిన తీరు చూస్తేనే పాదం మీద బరువు ఎక్కడ పడుతుందో అనుభవం ఉన్నవారికి తెలిసిపోతుంది.

5. పుండు లోతు చూస్తారు. శుభ్రమైన మొండి కొన గల పరికరంతో లోపలికి తాకి చూస్తారు. ఎముక తగిలితే ఎముకకు చీము పట్టి ఉండవచ్చని ఎక్స్‌రే తీయిస్తారు. పుండు చుట్టూ ఉన్న చచ్చిన చర్మాన్ని, ఆనెకాయను తీసి శుభ్రం చేస్తారు.

6. బరువు గురించి మాట్లాడతారు. పిండికట్టుగాని, తీసివేసే వీలులేని బూటుగాని, ప్రత్యేకమైన చెప్పుగాని, చేతికర్రగాని చెబుతారు. "పుండు మానేవరకు ఈ పాదం నేలకు ఎలా ఆనాలి" అన్నదానికి వారి దగ్గర స్పష్టమైన జవాబు ఉంటుంది.

7. అవసరమైతే ఇంకొకరి దగ్గరకు పంపుతారు. రక్తప్రసరణ లేదని తెలిస్తే వాస్కులర్ సర్జన్‌కు, షుగరు అదుపులో లేకపోతే ఫిజీషియన్‌కు ఉత్తరం వ్రాసి పంపుతారు. అన్నీ నేనే చూస్తాననే వైద్యుని కంటే, ఇది నా పని కాదు అని చెప్పగలిగే వైద్యుడు మీ కాలికి మేలు చేస్తాడు.

అడగడానికి వెనుకాడవద్దు

డాక్టరు గారిని ప్రశ్నిస్తే కోప్పడతారేమో అని చాలామంది నోరు మెదపరు. మర్యాదగా అడిగిన ప్రశ్నకు మంచి వైద్యులు సంతోషంగా జవాబిస్తారు. ఈ ప్రశ్నలు కాగితం మీద వ్రాసుకుని వెళ్ళండి:

– నా పాదంలో స్పర్శ ఉందా అండీ? రక్తం సరిగా అందుతోందా?
– ఈ పుండు ఎందుకు పడింది? మళ్ళీ పడకుండా ఏమి చేయాలి?
– ఇటువంటి పాదాలకు మీరు తరచుగా చికిత్స చేస్తుంటారా?
– కట్టు ఎన్నాళ్ళకొకసారి మార్చాలి? ఎవరు మార్చాలి?
– ఎన్ని వారాల్లో తగ్గుదల కనబడాలి? కనబడకపోతే తరువాత ఏమి చేస్తారు?
– రాత్రివేళ జ్వరం వస్తే ఎవరికి ఫోను చేయాలి?

చదువు విషయంలో కూడా తెలుసుకునే హక్కు మీకు ఉంది. 2002లో వచ్చిన వైద్యుల నియమావళి ప్రకారం ప్రతి డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరును క్లినిక్‌లో కనబడేలా పెట్టాలి. మందుల చీటీ మీద, రసీదు మీద కూడా వేయాలి. ఆ నంబరును రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రికార్డులతో సరిచూసుకోవచ్చు. పాదానికి ఆపరేషను చేసేవారికి ఎం.బి.బి.ఎస్. తరువాత శస్త్రచికిత్సలోగాని, ఎముకల వైద్యంలోగాని పై చదువు ఉండాలి. గోడమీద ఎన్ని సర్టిఫికెట్లు వేలాడుతున్నాయో లెక్కపెట్టడం కంటే ఈ ఒక్క విషయం తెలుసుకోవడం మేలు.

ఎవరి దగ్గర జాగ్రత్తగా ఉండాలి?

"మూడు రోజుల్లో మాన్పిస్తాను" అని మాట ఇచ్చేవారి దగ్గర జాగ్రత్త. షుగరు పుండు మానడానికి వారాలు పడుతుంది. చూసిన ప్రతి పుండుకూ యాంటీబయాటిక్ ఇంజక్షన్లు పొడిచేవారి దగ్గర జాగ్రత్త. చీము, ఎరుపు, సెగ, వాపు లేని శుభ్రమైన పుండుకు ఆ మందులు అవసరం లేదు. మొద్దుబారిన పాదానికి బిగుతుగా నాటు కట్టు కట్టేవారి దగ్గర కూడా జాగ్రత్త. కట్టు బిగిసి వేళ్ళు నల్లబడుతున్నా ఆ రోగికి నొప్పి తెలియదు కాబట్టి విప్పమని అడగడు.

ఇంటివైద్యం కూడా ఇక్కడ పనికిరాదు. ఆనెకాయకు జిల్లేడు పాలు పోయడం, బ్లేడుతో కోసుకోవడం, మందుల షాపులో దొరికే కార్న్ క్యాపులు అంటించడం షుగరు రోగులు చేయకూడదు. కార్న్ క్యాపులోని ఆమ్లం ఆనెతోపాటు మంచి చర్మాన్ని కూడా తినేస్తుంది. తిమ్మిర్లు పోతాయని వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని బొబ్బలెక్కించుకున్నవారు ఎందరో ఉన్నారు.

వెంటనే రావలసిన సందర్భాలు

ఈ క్రింది వాటిలో ఏది కనబడినా ఆదివారం అని, పండుగ అని ఆగకండి. ఆ రోజే ఆసుపత్రికి రండి, లేదా దగ్గరలో ఉన్న పెద్దాసుపత్రికి వెళ్ళండి.

– పుండునుండి చీము, దుర్వాసన రావడం. ఎరుపు పైకి ప్రాకడం. జ్వరం, వణుకు.
– వేలుగాని, పాదంగాని నల్లబడడం, నీలిరంగుకు తిరగడం, చల్లబడిపోవడం.
– షుగరు రోగికి ఒక పాదం హఠాత్తుగా వాచి, ఎర్రబడి, రెండవ పాదం కంటే వేడిగా ఉండడం. నొప్పి లేకపోయినా సరే.

ఈ చివరిదాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. దీనిని షార్కో పాదం అంటారు. లోపల ఎముకలు మెత్తబడి, నడిచేకొద్దీ విరిగి, పాదం అడుగు పడవ అడుగులా ఉబ్బిపోతుంది. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు. అందుకని బెణుకు అనుకుని నూనె రాసి నడిపిస్తారు. పుండు లేకుండా, వేడిగా వాచిన మొద్దు పాదాన్ని షార్కో కాదని తేలేవరకు షార్కోగానే భావించి, నడక ఆపించి, పిండికట్టు వేసే వైద్యుడే దానికి సరైన వైద్యుడు.

"కాలు తీసేయాలి" అన్నప్పుడు

ఏ కుటుంబానికైనా ఇది పిడుగులాంటి మాట. ఇక్కడ రెండు రకాల తప్పులు జరుగుతాయి. ఒకటి, తీయనవసరం లేని కాలు తీయించుకోవడం. రెండవది, తీయవలసిన కాలు తీయనివ్వక ప్రాణం పోగొట్టుకోవడం.

చీము పైకి ప్రాకి, జ్వరం, ఆయాసం, మగత వచ్చి, బి.పి. పడిపోతున్నప్పుడు గంటలే లెక్క. అప్పుడు ఇంకొక డాక్టరు కోసం ఊళ్ళు తిరగడానికి సమయం లేదు. చీము తీయడానికి, అవసరమైతే చెడిన భాగం తీసేయడానికి ఒప్పుకోవాలి. అలా కాక, వేలు ఎండిపోయి నల్లబడి, జ్వరం లేకుండా, రోగి స్థిమితంగా ఉంటే అడగడానికి వ్యవధి ఉంటుంది. "రక్తనాళాల పరీక్ష చేశారా? పూడిక తీసి గాని, బైపాసు చేసి గాని రక్తం పంపే వీలుందా? తీయవలసివస్తే ఎంతవరకు, ఎందుకు అక్కడే?" అని తప్పక అడగండి. రక్తనాళాల పరీక్ష చేయకుండా కాలు తీయాలని చెబితే, వాస్కులర్ సర్జన్ ఉన్న ఆసుపత్రిలో రెండవ అభిప్రాయం తీసుకోండి. అది మొదటి డాక్టరును అవమానించడం కాదు. రిపోర్టులన్నీ అడిగి తీసుకునే హక్కు మీకు ఉంది.

ఒకవేళ తీయవలసే వస్తే, మడమ మిగిలితే నడక మిగులుతుంది, మోకాలు మిగిలితే కృత్రిమ కాలితో నడక సులువవుతుంది. ఈ సంగతి ముందే మాట్లాడి, తరువాత కృత్రిమ కాలు ఎక్కడ ఇస్తారో కూడా చెప్పే వైద్యుణ్ణి ఎన్నుకోండి. మిగిలిన కాలిని కాపాడుకోవడం ఆ రోజునుండే మొదలుపెట్టాలి.

ఖర్చు, దూరం

కూలిపని మానుకుని, ఆటో ఖర్చు పెట్టుకుని వారం వారం రావడం అందరివల్లా కాదని మాకు తెలుసు. అందుకని డాక్టరును ఎన్నుకునేటప్పుడు దూరం కూడా లెక్కలోకి తీసుకోండి. నగరంలోని పెద్ద స్పెషలిస్టును ఒకసారి కలిసి, ఆయన చెప్పిన ప్రకారం మీ ఊరి దగ్గరలోనే కట్టు మార్పించుకునే ఏర్పాటు చేసుకోవడం మంచి పద్ధతి. ఆయన చేత ఎలా కట్టాలో వ్రాయించుకుని తెచ్చుకోండి. ఆపరేషను అవసరమైతే మీ ఆరోగ్యశ్రీ కార్డుకు, ఆంధ్రప్రదేశ్‌లోనైతే డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవకు, ఆ చికిత్స ఆ ఆసుపత్రిలో వర్తిస్తుందో లేదో చేరకముందే అక్కడి కౌంటరులో అడిగి తెలుసుకోండి.

పిల్లల దగ్గరకు విదేశాలు వెళ్ళే పెద్దవారు బయలుదేరకముందే ఇక్కడ పాదాల పరీక్ష చేయించుకోండి. అమెరికాలో పోడియాట్రిస్టులు దొరుకుతారుగాని, ఖర్చు ఎక్కువ. సందర్శకుల ఇన్సూరెన్సులు అంతకుముందే ఉన్న జబ్బులకు చాలావరకు వర్తించవు. కొత్త బూట్లు కొనుక్కుని అదే రోజు విమానాశ్రయంలో మైళ్ళు నడవకండి. వాటిని పదిహేను రోజుల ముందునుండి ఇంట్లో కొంతసేపు చొప్పున వేసుకుని అలవాటు చేసుకోండి.

ఎన్నాళ్ళకొకసారి చూపించుకోవాలి?

షుగరు ఉండి, పాదాల్లో స్పర్శ, రక్తప్రసరణ బాగున్నవారు ఏడాదికి ఒకసారి పాదాల పరీక్ష చేయించుకోవాలి. స్పర్శ తగ్గినా, రక్తప్రసరణ తగ్గినా 6 నుండి 12 నెలలకు ఒకసారి. రెండూ తగ్గినా, లేదా ఒకటి తగ్గి పాదం వంకర తిరిగి ఉన్నా 3 నుండి 6 నెలలకు ఒకసారి. స్పర్శగాని రక్తప్రసరణగాని తగ్గి, ఇంతకుముందు పుండు పడి మానినవారు, వేలు తీయించుకున్నవారు, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారు 1 నుండి 3 నెలలకు ఒకసారి రావాలి. మానిన పుండు మళ్ళీ పడడం చాలా సాధారణం.

వైద్యుడు నెలకో, ఏడాదికో ఒకసారి చూస్తాడు. మిగిలిన రోజులు చూడవలసింది మీరు, మీ ఇంటివారు. ప్రతిరోజూ రాత్రి పడుకునే ముందు వెలుతురులో రెండు అరికాళ్ళూ చూసుకోండి. వంగలేనివారు చిన్న అద్దం నేలమీద పెట్టి చూసుకోవచ్చు. చూపు ఆనని పెద్దవారికి మనవడో, మనవరాలో చూసి చెప్పవచ్చు. చెప్పులు వేసుకునే ముందు దులిపి, లోపల చేయిపెట్టి చూడండి. వేళ్ళ సందులు తడి లేకుండా తుడుచుకోండి. ఇంట్లో కూడా చెప్పులు లేకుండా నడవకండి. మందిరం గుమ్మం దగ్గర చెప్పులు విడిచే అలవాటు ఉన్నచోట, స్పర్శ లేనివారు లోపలికి మాత్రమే వాడే శుభ్రమైన చెప్పుల జత వెంట తెచ్చుకోవచ్చు. ఎండాకాలం ఆరాధన ముగిసి బయటకు వచ్చేసరికి బండలు కాలి ఉంటాయి. సంఘ పెద్దలు దీనిని తప్పుపట్టకుండా అర్థం చేసుకోవాలని మనవి.

ఈసారి షుగరు పరీక్షకు మా ఆసుపత్రికిగాని, మరే ఆసుపత్రికిగాని వెళ్ళినప్పుడు, మీ వంతు రాగానే చెప్పులు విప్పి కూర్చోండి. "డాక్టరు గారూ, నా పాదాలు కూడా ఒకసారి చూడండి" అని అడగండి.